ఇంట్లో మానేసిన భాషని బడి బతికిస్తుందా? బ్రెటన్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

ప్రశ్న: తాండా అమ్మాయి, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ల్యాబులో టెక్నీషియన్ని. మొన్న నైట్ డ్యూటీలో శాంపిల్స్ మెషిన్లో పెట్టి ఫోన్ చూస్తుంటే ఒక వీడియో వచ్చింది. రెయిన్‌కోట్లు వేసుకున్న చిన్న పిలకాయలు బడి వరండాలో నిలబడి పాట పాడుతున్నారు. ఊరు ఫ్రాన్సులోదే కానీ ఆ పాట ఫ్రెంచి కాదంట, బ్రెటన్ అనే భాషంట. ఒకప్పుడు బళ్ళో ఆ భాష మాట్లాడితే శిక్ష వేసేవాళ్ళంట, ఇప్పుడు ఆ భాషలోనే బళ్ళు నడుపుతున్నారంట. మూడుసార్లు చూశాను.

ఎందుకంత చూశానంటే, మాది చిత్తూరు జిల్లాలో పడమటి వైపు ఒక సుగాలి తాండా. పుట్టినప్పటినుంచి ఇంట్లో గోర్ బోలి, అంటే మా లంబాడీ (బంజారా) భాష. ఒకటో తరగతిలో చేరిననాడు నాకు తెలుగు ఒక్క ముక్క రాదు. సార్ "పలక తియ్యి" అంటే బయటికి పొమ్మంటున్నాడని అనుకుని సంచి భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాను. క్లాసంతా నవ్వింది. ఇప్పటికీ మా ఊరికి పోతే ఆ కథ చెప్పి నవ్వేవాళ్ళు ఉన్నారు.

నా కూతురికి అయిదేళ్ళు, యూకేజీ. మా ఆయనదీ తాండానే. అయినా పాపతో మేమిద్దరం తెలుగే మాట్లాడతాం. కావాలనే అలా పెట్టుకున్నాం, నా మాదిరి పలక సంగతి దానికి రాకూడదని. మా అమ్మ ఊరినుంచి వచ్చి గోర్ బోలిలో పలకరిస్తే పాప నా ముఖం చూస్తుంది. నన్ను ఒక్కసారి కూడా 'యాడి' అనలేదు, మమ్మీ అనే అంటుంది. మా అమ్మని కూడా తెలుగోళ్ళ మాదిరి 'అవ్వా' అనే పిలుస్తుంది.

ఆ బ్రెటన్ వాళ్ళు బడి పెట్టి నిజంగా భాషని నిలబెట్టుకున్నారా, లేకపోతే వీడియోలో పాట వరకేనా? అక్కడ ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు: శీను, బైరాగిపట్టెడ

అక్కా, తప్పుగా అనుకోవద్దు. మీరు చేసిందే కరెక్ట్. తెలుగుకే దిక్కు లేదు, పిల్లలకి ఇంగ్లీష్ నేర్పించండి చాలు. నేను చదివిన ఇంగ్లీష్ మీడియం బళ్ళో తెలుగు మాట్లాడితే అయిదు రూపాయలు ఫైన్. ఎవరు మాట్లాడారో చెప్పడానికి ఒక లీడరు. వాడికి నేను కట్టిన డబ్బుతో ఈపాటికి బండి కొనుండొచ్చు. అయినా ఆ ఇంగ్లీషే ఈరోజు అన్నం పెడుతోంది.

జవాబు: కపిలతీర్థం రోడ్డు

శీను తమ్ముడూ, ఆ లీడరు సంగతి మళ్ళీ వస్తా. ముందు అమ్మాయికి జవాబు.

నేను 2016 నుంచి 2022 దాకా ఆరేళ్ళు ఫ్రాన్సు పడమటి కొసన ఉండే బ్రిటనీలో లన్నియోన్ అనే ఊళ్ళో ఉన్నాను, టెలికాం ఉద్యోగం. పారిస్ నుంచి పడమటికి పోయే పెద్ద లైన్లో ప్లూఅరే దగ్గర చీలి రావాలి. మన తిరుపతికి రేణిగుంట ఎట్లాగో దానికి ప్లూఅరే అట్లా. ఎప్పుడు దిగినా వానే. ఊరి మొదట్లో బోర్డు మీద పేరు రెండు భాషల్లో ఉంటుంది. పోయిన కొత్తలో రెండోది స్పెల్లింగు తప్పేమో అనుకున్నా.

బ్రెటన్ ఫ్రెంచికి యాస కాదు, దగ్గరి చుట్టమూ కాదు. దాని దాయాది వేల్స్ భాష. 5, 6 శతాబ్దాల్లో బ్రిటన్ దీవి నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్ళు తెచ్చుకున్న భాష అది, ఆ సీమకి బ్రిటనీ అనే పేరు కూడా అట్లా వచ్చిందే. 1532లో ఫ్రాన్సులో కలిసేదాకా వాళ్ళ డ్యూకులు వాళ్ళకి ఉన్నారు. మా ఊరికి అరగంట దూరంలో త్రెగియే అని చర్చి ఊరుంది. 1499లోనే అక్కడ బ్రెటన్, ఫ్రెంచి, లాటిన్ మూడూ కలిపిన నిఘంటువు అచ్చయింది. దిక్కులేని భాషేమీ కాదని చెప్పడానికి ఇదంతా.

ఫ్రెంచి విప్లవం తర్వాత కథ మారింది. రాజు పోయాడు, దేశం ఒక్కటి, భాషా ఒక్కటే ఉండాలన్నారు. 1794లో పార్లమెంటు మాదిరి సభలో బారేర్ అనే నాయకుడు, మూఢనమ్మకం బ్రెటన్లో మాట్లాడుతుంది అని తేల్చేశాడు. 1881, 82లలో జూల్ ఫెర్రీ చట్టాలతో ప్రతి పిల్లవాడికీ ఉచితంగా, తప్పనిసరిగా బడి వచ్చింది. మంచి పనే. కానీ ఆ బడి ఫ్రెంచిలోనే. 1902లో చర్చిలో కూడా బ్రెటన్లో ప్రసంగం చేస్తే ఫాదరుకి జీతం ఆపేస్తామన్నారు.

ఇక తమ్ముడి లీడరు దగ్గరికి వస్తా. అక్కడి బళ్ళలో 'ఆవు' అని ఒకటి ఉండేది. పేరుకే ఆవు, ఉండేది చెక్క ముక్కో పాత చెక్క చెప్పో. బ్రెటన్లో ఒక మాట జారిన పిల్లవాడి మెడలో దాన్ని వేసేవాళ్ళు. వాడు దాన్ని వదిలించుకోవాలంటే ఇంకొకడు బ్రెటన్ మాట్లాడుతుండగా పట్టుకుని వాడి మెడలో వెయ్యాలి. సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాడికి శిక్ష. అయ్యవారు బెత్తం పట్టుకుని తిరగాల్సిన పనే లేదు, పిల్లలే కాపలా.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, ఎనభై దాటింది. వాళ్ళ అన్న ఆ ఆవుని ఇంటికి తెచ్చుకున్న రోజు చెప్పింది ఒకసారి. తండ్రి దాన్ని చూసి కొడుకుని ఏమీ అనలేదంట. పొయ్యిలో పారేశాడంట. మర్నాడు బళ్ళో ఇంకోటి తయారు. ఆమెకి కూడా ఆరేళ్ళు వచ్చేవరకు ఫ్రెంచి రాదు. మీ పలక కథ నేను ఆమె నోట వేరే రూపంలో విన్నట్టే ఉంది.

అయితే అసలు సంగతి ఆవు కాదు. ఆమెకి 1960ల్లో ముగ్గురు పిల్లలు పుట్టారు. అప్పటికి ఏ చట్టమూ ఇంట్లోకి వచ్చి వద్దనలేదు. సరికదా, 1951లో డెక్సోన్ చట్టం వచ్చాక బళ్ళో కాసింత బ్రెటన్ చెప్పుకోవచ్చన్నారు కూడా. కానీ ఆమె, వాళ్ళాయన ఇద్దరూ ఒకరితో ఒకరు బ్రెటన్, పిల్లలతో ఫ్రెంచి. రైల్వేలో, పోస్టాఫీసులో, పారిస్‌లో పని దొరకాలంటే ఫ్రెంచి కావాలి, నోట్లో బ్రెటన్ యాస ఉంటే నవ్వుతారు. "మేమే తలుపు వేసుకున్నాం" అంది. ఆ సీమంతా ఇంచుమించు ఒకే ఇరవై ఏళ్ళలో, ఒకరికొకరు చెప్పుకోకుండానే, అదే పని చేసింది. 1950 ప్రాంతంలో పది లక్షలమంది మాట్లాడేవాళ్ళు. ఆ పది లక్షలమందీ అప్పటికప్పుడు పోలేదు, బతికుండగానే పిల్లలతో మాట్లాడటం మానేశారు అంతే.

ఇక మీరు చూసిన బడి. వాటిని దివాన్ బళ్ళంటారు. మన జమీందారు దివాను కాదు, బ్రెటన్లో ఆ మాటకి మొలకెత్తడమని అర్థం. 1977లో లాంపోల్ ప్లూదల్మెజో అనే పల్లెలో మొదటిది పెట్టారు. గుప్పెడు పిల్లలు, ప్రభుత్వం పైసా ఇవ్వలేదు. పెట్టినవాళ్ళలో చాలామంది తలుపు మూసినవాళ్ళ పిల్లలే. వాళ్ళకే భాష సరిగ్గా రాదు, పెద్దయ్యాక రాత్రి క్లాసుల్లో నేర్చుకుని వచ్చారు. పద్ధతి ఏంటంటే, మూడేళ్ళ పిల్లవాడు గేటు దాటగానే అంతా బ్రెటనే. పాలు, బాత్రూమ్, లెక్కలు, తగువులు అన్నీ. ఏడేళ్ళు వచ్చాక ఫ్రెంచి మొదలుపెడతారు. ఫ్రెంచి వీధిలో, టీవీలో, ఇంట్లో ఎట్లాగూ వస్తుంది కాబట్టి పదకొండేళ్ళకి రెండూ సమానంగా వచ్చేస్తాయి. నా కూతురు మూడేళ్ళకి అక్కడే చేరింది. ఇంట్లో తెలుగు, బళ్ళో బ్రెటన్, పార్కులో ఫ్రెంచి. వాళ్ళ నాయనమ్మ తిరుపతి నుంచి ఫోన్ చేసి "దానికి మెదడు చెడిపోతుందిరా" అని ఏడ్చింది. ఏమీ కాలేదు.

బడి నడవడానికి తల్లిదండ్రులు చెయ్యని పని లేదు. గలెట్టులు అమ్మడం, రాత్రి డాన్సులు పెట్టడం. గలెట్టు అంటే గుండ్రటి ఇనప పెనం మీద, చెక్క పుల్లతో పల్చగా తిప్పి వేసే అట్టు, బక్‌వీట్ అనే నల్లగింజ పిండితో. మా ఆవిడ ఒకరోజు స్టాల్లో కూర్చుని ఆ పుల్ల తీసుకుని తిప్పేసరికి అక్కడివాళ్ళు నోరు తెరిచారు. రాగి దోసె వేసిన చెయ్యి కదా. 2008 నుంచి రెండేళ్ళకొకసారి 'రెదదెగ్' అని పరుగు పెడతారు, రాత్రీ పగలూ ఆగకుండా సీమంతా చుట్టి వస్తారు. కిలోమీటరు ఇంత అని అమ్ముతారు, మా ఆఫీసువాళ్ళు ఒక కిలోమీటరు కొన్నారు. చేతులు మారే కర్రలో ఒక రహస్య సందేశం పెట్టి, చివర్న విప్పి బ్రెటన్లో చదువుతారు. నేను పరిగెత్తింది మూడొందల మీటర్లే, ఫొటో మాత్రం ఉంది.

ఇది రాస్తుంటే టైం పదకొండయింది. మిగతాది రేపు.

జవాబు: చిత్తూరు మాష్టారు (రిటైర్డ్)

కపిలతీర్థం బాబూ, ఆ భాష వ్యాకరణం ఎట్లా ఉంటుందో నాలుగు మాటలు రాస్తావా? తెలుగు పండితుడి కుతూహలం.

అమ్మా, నీకు రెండు మాటలు. మన రాజ్యాంగంలో 350-ఎ అని ఒక అధికరణం ఉంది, 1956లో చేర్చారు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకి ప్రాథమిక స్థాయిలో తల్లి భాషలో చదువు చెప్పే ఏర్పాటు చెయ్యాలని అందులో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది భాషల్లో అట్లాంటి బళ్ళు మొదలుపెట్టారు. సవర, కోయ, గోండి, కువి వగైరాలతో పాటు మీ బంజారా కూడా ఉంది. పుస్తకాలు తెలుగు లిపిలో వేశారు. కాబట్టి మాకు లిపి లేదు కదా అని వెనక్కి తగ్గొద్దు. బ్రెటన్ వాళ్ళు రాసేది కూడా రోమన్ లిపే, సొంతం కాదు.

ఇంకోటి కూడా తెలుసుకో. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మా మాతృభాష అని చెప్పినవాళ్ళు దేశం మొత్తం మీద 32 లక్షల పైమాటే. కానీ ఆ పట్టికలో దాన్ని హిందీ కింద కలిపేసి చూపించారు.

జవాబు: నగరి కుర్రోడు

మా అవ్వ వాళ్ళది తిరుత్తణి. 1960 ఏప్రిల్‌లో ఆ తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. మా అవ్వ తెలుగులో భాగవతం పద్యాలు చదివేది. నా వయసు మేనమామ పిలకాయలు తెలుగు గలగలా మాట్లాడతారు, బస్సు మీద 'తిరుపతి' అని తెలుగులో రాసుంటే చదవలేరు, అరవంలో ఉంటే ఎక్కుతారు. అంటే ఇల్లు ఉండి బడి లేకపోతే ఇట్లా ఉంటుంది. బ్రెటన్ వాళ్ళది తిరగేసిన కథ లాగుంది, బడి ఉంది ఇల్లు లేదు.

జవాబు: కపిలతీర్థం రోడ్డు

నగరి తమ్ముడు నేను రాయాల్సింది ఒక్క లైన్లో రాసేశాడు.

మాష్టారూ, మీకు నచ్చే ముక్క ఒకటుంది. బ్రెటన్లో 'తి' అంటే ఇల్లు. అతని ఇల్లు అనాలంటే 'ఎ ది'. 'పెన్' అంటే తల, అతని తల 'ఎ బెన్'. 'కి' అంటే కుక్క, అతని కుక్క 'ఎ గి'. మాట మొదటి అక్షరమే మారిపోతుంది. నా కూతురు ఇది హోంవర్కులో రాస్తుంటే నాకు మా పదో తరగతి సంధులు గుర్తొచ్చాయి. అన్నట్టు, అతనిది కాక ఆమెది అయితే మళ్ళీ వేరే రకంగా మారుతుంది, 'హె జి', 'హె ఫెన్'. ఇల్లు మొగుడిదా పెళ్ళాందా అనేది మొదటి అక్షరంలోనే తెలిసిపోతుంది.

జవాబు: చిత్తూరు మాష్టారు (రిటైర్డ్)

ఆహా! క గ అయింది, త ద అయింది, ప బ అయింది. పరుషాలకు సరళాలు! పూచెను కలువలు, పూచెను గలువలు. మన దగ్గర ద్రుతం వల్ల వస్తుంది, అక్కడ కారణం వేరే అనుకో. అయినా ముప్ఫై ఏళ్ళు సరళాదేశ సంధి చెప్పి, అయిదు వేల మైళ్ళ అవతల ఒక పసిపిల్ల దాన్ని కుక్క మీద, ఇంటి మీద రోజూ వాడుతుందని ఈరోజు తెలిసింది. మా పిల్లలకి పరీక్షలో రెండు మార్కులకి తప్ప పనికొచ్చింది లేదు.

జవాబు: కపిలతీర్థం రోడ్డు

అమ్మాయి అడిగినదానికి ఇప్పుడు సూటిగా చెప్తా. నిలబెట్టారా అంటే, నిలబెట్టారు, నిలబెట్టలేదు.

దివాన్ బళ్ళు పసిపిల్లల క్లాసు నుంచి లిసే అనే హైస్కూలు దాకా వచ్చాయి. వాటిలో దాదాపు 4 వేల మంది ఉంటారు. సర్కారు బళ్ళలో, కాథలిక్ బళ్ళలో సగం బ్రెటన్ సగం ఫ్రెంచి పద్ధతి ఉంది, అవీ కలిపితే 20 వేల చిల్లర. సున్నా నుంచి ఇంత. కానీ 2018 సర్వేలో మాట్లాడేవాళ్ళు 2 లక్షల దాకా ఉంటే, 2024 సర్వేలో 1,07,000కి పడిపోయింది. ఆరేళ్ళలో సగం. మా పక్కింటి పెద్దావిడ వయసువాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, ఆ వేగాన్ని ఏ బడీ అందుకోలేదు.

చట్టం కూడా వాళ్ళ వైపు లేదు. 1992లో రాజ్యాంగంలో "రిపబ్లిక్ భాష ఫ్రెంచి" అని రాసుకున్నారు. 2008లో ప్రాంతీయ భాషలు దేశ వారసత్వం అని ఇంకో వాక్యం చేర్చారు. 2021 ఏప్రిల్‌లో ఈ భాషల కోసం పార్లమెంటు ఒక చట్టం చేసింది. మే 21న రాజ్యాంగ మండలి అందులో ముఖ్యమైన ముక్క కొట్టేసింది, సర్కారు బళ్ళలో దివాన్ పద్ధతి కుదరదని. వారం తర్వాత పక్కనే గాంగాన్ ఊళ్ళో వేలమంది రోడ్డెక్కారు. కరోనా మాస్కులతో మేమూ పోయాం. మా పాప అట్ట మీద బ్రెటన్లో ఏదో రాసుకుంది, మా ఆవిడ వెనక వైపు తెలుగులో 'అ ఆ' అని రాసింది. ఎవరో అది ఏ భాష అని అడిగితే పది నిమిషాలు క్లాసు పీకింది.

ఒక సంగతి మాత్రం మనసులో ముల్లులాగా ఉండిపోయింది. పాప బళ్ళో నేర్చుకున్న బ్రెటన్ పక్కింటావిడతో మాట్లాడించాలని తీసుకుపోయాను. ఆవిడ వింది. "రేడియోలో వార్తలు చదివినట్టు ఉంది" అంది, ఫ్రెంచిలో. బళ్ళోది అందరికీ కలిపి చేసిన భాష, ఆమెది త్రెగోర్ అనే ఆ ప్రాంతపు పల్లె భాష. రాగం వేరే, కొన్ని మాటలూ వేరే. కొన్నాళ్ళు ఇద్దరూ ఒకరినొకరు దిద్దుకోవడమే సరిపోయింది. చివరికి వాళ్ళని కలిపింది లెక్కలు. బ్రెటన్లో పద్ధెనిమిదిని 'మూడు ఆరులు' అంటారు. ఆవిడ కోళ్ళ గుడ్లు ఆరేసి కుప్పలు పెట్టి చూపించింది, పాపకి వెలిగింది. ఆరోజు ఆవిడ అరవై ఏళ్ళ కొడుకు వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. తనతో తల్లి ఎప్పుడూ అట్లా లెక్కపెట్టలేదు. ఏమీ అనలేదు, కాసేపు నిలబడి కారు దగ్గరికి పోయాడు.

అందుకే అమ్మా, వాళ్ళు కోట్లు పెట్టినా తెచ్చుకోలేనిది మీ దగ్గర ఉంది, మీ అమ్మ ఉంది. బడి గురించి తర్వాత పోరాడొచ్చు. మీరన్న పలక భయం నిజమే, దానికి తెలుగు ఎట్లాగూ వచ్చేసింది కదా ఇప్పుడు.

ఇంకో తమాషా. బ్రెటన్లో మూడు 'త్రి', తొమ్మిది 'నావ్', పది 'దెక్'. మీ లెక్కతో పోల్చి చూడండి. నా తెలుగుకి కాదు, మీ గోర్ బోలికే అది దూరపు చుట్టం.

జవాబు: శీను, బైరాగిపట్టెడ

అన్నా, ఆ కొడుకు కారు దగ్గరికి పోయాడన్నది చదివి రెండు నిమిషాలు ఫోన్ కింద పెట్టాను. ఇంగ్లీష్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

జవాబు: తాండా అమ్మాయి, తిరుపతి

అందరికీ చాలా థాంక్స్. డ్యూటీలో ఉండి ఆలస్యంగా చూశాను. లెక్కలు పోల్చాను అన్నా, పది మాకు 'దస్'. నిజంగానే చుట్టమే.

నిన్న ఆదివారం మా అమ్మకి వీడియో కాల్ చేశాను. ఇకనుంచి పాపతో గోర్ బోలిలోనే మాట్లాడు, నేను మధ్యలో రాను అన్నాను. మా అమ్మకి మొదట నమ్మకం కుదరలేదు. "నువ్వే కదే వద్దన్నావు" అంది. తర్వాత మొదలుపెట్టింది, అయిదేళ్ళు దాచుకున్నట్టు ఆగకుండా. పాప రెండు నిమిషాలు చూసి ఫోన్ నాకు ఇచ్చేసి, "మమ్మీ, సౌండ్ పాడైపోయింది" అంది.

బతిమాలి మళ్ళీ కూర్చోబెట్టాను. ఈసారి మా అమ్మ తెలివిగా చెంబు ఎత్తి చూపించి "పాణి" అంది. పాప ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగి గట్టిగా అరిచింది, "మమ్మీ! అవ్వకి హిందీ వచ్చు!"

అవతల మా అమ్మ ఏమందో ఇక్కడ రాయలేను. మాష్టారు గారు పెద్దవారు, ఇదంతా చదువుతున్నారు.